వెనక ఎంత లేపాలి? ముత్తుకూరు రోడ్డు మీద హైడ్రాలిక్ విశేషాలు

కృష్ణపట్నం ఓడరేవు ఉన్నది నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో. 2008 జులైలో రేవు మొదలైనప్పటి నుంచి ఆ దారిలో తిరగని బరువుబండి లేదు. బొగ్గు టిప్పర్లు, వంటనూనె ట్యాంకర్లు, రొయ్యల మేత లారీలు రాత్రీ పగలూ సాగుతూనే ఉంటాయి. అదే మండలంలోని నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 800 మెగావాట్ల యూనిట్లు మూడు, మొత్తం 2400 మెగావాట్లు. మూడో యూనిట్‌ను 2022 అక్టోబరు 27న జాతికి అంకితం చేశారు.

ఇలాంటి కేంద్రాలకు వచ్చే జనరేటర్ స్టేటర్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు మామూలు లారీ ఎక్కవు. స్టేటర్ ఒక్కటే వందల టన్నులు తూగుతుంది, ముక్కలుగా విడదీసి తేవడానికి వీలుండదు. దాన్ని మోయడానికి హైడ్రాలిక్ ట్రైలర్ కావాలి. చక్రాలు వరసలు వరసలుగా ఉంటాయి, ముందు పుల్లర్ లాగుతుంది, పక్కన మనుషులు నడుస్తారు. వాళ్లలో ఒకరి చూపు ఎప్పుడూ ట్రైలర్ వెనక భాగం మీదే ఉంటుంది. వెనక ఎంత లేపాలి, ఎప్పుడు దించాలి అన్నది ఆయన పని. ఈ విశేషాలన్నీ ఆ పని చుట్టూ అల్లుకున్నవే.

ఒక వరస, ఎనిమిది టైర్లు, 18 టన్నులు

మామూలు లారీలో బరువు మోసేవి కమాన్ కట్టలు. సరుకు పెరిగితే కట్ట వంగుతుంది, వెనక దిగిపోతుంది. మళ్లీ లేపాలంటే సరుకు దించాలి, లేదా కట్టలో ఇంకో పట్టీ వేయించాలి. హైడ్రాలిక్ ట్రైలర్‌లో కమాన్ కట్టే ఉండదు. ప్రతి వరసలో కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు టైర్లు. ఒక్కో నాలుగింటి పైన ఒక మోకాలులాంటి చేయి, ఆ చేతిని నెట్టే ఒక ఆయిల్ సిలిండర్. సిలిండర్‌లోకి ఆయిల్ ఎక్కిస్తే బెడ్ లేస్తుంది, వదిలితే దిగుతుంది.

మన దేశంలో ఇలాంటి ట్రైలర్ ఒక వరసకు నిబంధనల ప్రకారం గరిష్ఠ బరువు 18 టన్నులు. వరస సొంత బరువు 4 టన్నులు అనుకుందాం. సరుకుకు మిగిలేది 14 టన్నులు. 200 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ రావాలంటే 15 వరసలు కావాలి. అంటే 120 టైర్లు. రోడ్డు పక్కన నిలబడ్డ పిల్లలు టైర్లు లెక్కపెట్టి ఎనిమిదితో భాగిస్తే వరసలు తెలుస్తాయి, వరసలను 18తో హెచ్చవేస్తే రోడ్డు మీద మోపడానికి అనుమతి ఉన్న మొత్తం బరువు తెలుస్తుంది. పుల్లర్ లెక్క వేరు.

చదును నేలలో వాలు ఎక్కడిది?

ముత్తుకూరు చుట్టుపక్కల నేల పెన్నా డెల్టా నేల. కొండలు లేవు, గుట్టలు లేవు. మరి వెనక లేపాల్సిన అవసరం ఎందుకొస్తుంది? కాలువల వల్ల. పంట కాలువ మీద వంతెన, బకింగ్‌హాం కాలువ మీద వంతెన, రైలు కట్ట మీద ఫ్లైఓవర్. ప్రతి వంతెనకూ ఇటు ఒక ఎక్కుడు, అటు ఒక దిగుడు. మనం బైకు మీద గమనించను కూడా గమనించని ఎక్కుడు అది.

మైదాన ప్రాంతాల్లో రోడ్డు వాలు 30కి 1 మించకుండా చూడాలన్నది రోడ్డు ఇంజనీర్లు సాధారణంగా పాటించే సూత్రం. అంటే 30 మీటర్లు ముందుకు పోతే మీటరు ఎత్తు. ఇప్పుడు మన 15 వరసల ట్రైలర్‌ని ఆ వాలు ఎక్కిద్దాం. వరసకూ వరసకూ మధ్య మీటరున్నర దూరం ఉంటుంది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా 21 మీటర్లు. ఆ పొడవులో రోడ్డు 70 సెంటీమీటర్లు లేస్తుంది. బెడ్ చదునుగా ఉండాలంటే ముందు సిలిండర్లు కుంచించుకోవాలి, వెనక సిలిండర్లు సాగాలి, రెండింటి మధ్య తేడా 70 సెంటీమీటర్లు ఉండాలి.

చిక్కు ఇక్కడే వస్తుంది. ఈ తరహా ట్రైలర్లలో సిలిండర్ ఆడే ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు, మధ్య ఎత్తు నుంచి పైకి 30, కిందికి 30. 70 కావాల్సిన చోట 60 మాత్రమే ఉంది. బెడ్ పూర్తిగా చదునుకు రాదు. అదే పది వరసల ట్రైలర్ అయితే పొడవు పదమూడున్నర మీటర్లు, కావాల్సిన తేడా 45 సెంటీమీటర్లే, హాయిగా సర్దుకుంటుంది. ట్రైలర్ పొడవు పెరిగే కొద్దీ బరువు మోసే శక్తి పెరుగుతుంది, వాలును తట్టుకునే శక్తి తగ్గుతుంది! భారీ సరుకు రవాణాలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించే విషయం ఇదే. అందుకే సరుకు కదలడానికి ముందే మనుషులు దారంతా కొలుచుకుంటూ వెళ్తారు. వంతెన ఎంత బరువు ఆపుతుందన్నది ఒక్కటే చూస్తే చాలదు, దాని ఎక్కుడు ఎంత అన్నదీ చూడాలి.

వంతెన నడినెత్తి ఇంకా గడుసుది. అక్కడ మధ్య వరసల కింద రోడ్డు ఉబ్బి ఉంటుంది, ముందూ వెనకా వరసల కింద రోడ్డు జారిపోతుంది. మధ్య సిలిండర్లు పూర్తిగా ముడుచుకుని, చివరి సిలిండర్లు పూర్తిగా సాగి నిలబడతాయి. సిలిండర్ చివరిదాకా సాగిపోయిందంటే ఆ చక్రం ఇక బరువు మోయదు, గాలిలో వేలాడుతుంది. దాని వాటా పక్క చక్రాల మీద పడుతుంది. నడినెత్తి దాటుతున్నప్పుడు పక్కన నడిచేవాళ్లు వంగి వంగి చూసేది దీన్నే.

చదును అంత ముఖ్యమా?

సరుకు బరువు కేంద్రం రోడ్డు నుంచి మూడు మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 30కి 1 వాలులో బెడ్‌ని అలాగే వదిలేస్తే ఆ కేంద్రం 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగినట్టు. 200 టన్నులు 10 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే వెనక వరసల మీద భారం పెరిగి ముందు వరసలు తేలిక పడతాయి. ముందు వెనకల సంగతి అయినా కొంత నయం, ట్రైలర్ పొడుగ్గా ఉంటుంది కనుక ఓర్చుకుంటుంది. పక్కవాటు మాత్రం ప్రమాదం. వాన నీరు పోవడానికి రోడ్డుకు ఇరువైపులా వాలు పెడతారు కదా, ఆ కొద్దిపాటి వాలే ట్రైలర్ కింద ఒకవైపు దిగినట్టు ఉంటుంది. ట్రైలర్ వెడల్పు సుమారు మూడు మీటర్లే. అందుకే వెనక లేపే మనిషి ఒక కన్ను ఎప్పుడూ కుడి ఎడమల మీద కూడా ఉంచుతాడు.

ముక్కాలి పీట రహస్యం

నూట ఇరవై టైర్లకు ముప్పై సిలిండర్లు. ముప్పైనీ విడివిడిగా ఆడించాలంటే ముప్పై మంది కావాలి. అలా ఆడించరు. కొన్ని సిలిండర్లను ఒకే హోస్ పైపుతో కలిపి గుంపు కడతారు. ఒక గుంపులో ఆయిల్ స్వేచ్ఛగా అటూ ఇటూ పారుతుంది. ఒక చక్రం గుంటలో దిగితే దాని సిలిండర్ తనంతట తానే సాగుతుంది, గుట్ట ఎక్కిన చక్రం సిలిండర్ ముడుచుకుంటుంది, గుంపులో అన్ని చక్రాల మీదా భారం సమానంగా ఉంటుంది. పై నుంచి చూస్తే ఆ గుంపు మొత్తం ఒకే కాలితో సమానం.

అలాంటి కాళ్లు మూడు పెడితే ట్రైలర్ ముక్కాలి పీట అవుతుంది. ముక్కాలి పీట ఎంత ఎగుడుదిగుడు నేలలోనైనా కదలకుండా కూర్చుంటుంది. ముందు ఒక గుంపు, వెనక కుడివైపు ఒకటి, వెనక ఎడమవైపు ఒకటి. వెనక లేపాలంటే వెనక రెండు గుంపులకూ ఒకేసారి ఆయిల్ ఎక్కిస్తారు. పక్కవాటు సరిచేయాలంటే రెండింట్లో ఒకదానికే. నాలుగు గుంపులుగా కట్టే పద్ధతీ ఉంది. పక్కకు ఒరగకుండా అది ఇంకా గట్టిగా నిలుస్తుంది, కానీ బెడ్ మెలి తిరిగే ఒత్తిడిని చూసుకోవాలి. ఏ సరుకుకు ఏ కట్టు కట్టాలన్నది బయలుదేరకముందే తేల్చుకోవాలి.

గేజీ చూసి బరువు చెప్పొచ్చు

ప్రతి గుంపుకూ ఒక ప్రెషర్ గేజీ ఉంటుంది. సిలిండర్ పిస్టన్ అడ్డకొలత 16 సెంటీమీటర్లు అయితే దాని వైశాల్యం 201 చదరపు సెంటీమీటర్లు. గేజీ 100 బార్ చూపిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 102 కిలోలు. హెచ్చవేస్తే ఆ సిలిండర్ నెడుతున్న బలం ఇరవై టన్నుల పైచిలుకు. మోకాలి చేయి మీటలా పనిచేస్తుంది కనుక చక్రాల మీద పడే భారం అంతకంటే తక్కువ, ఆ నిష్పత్తి తెలిస్తే లెక్క తేలిపోతుంది. తూనిక వంతెన దాకా పోనక్కర్లేదు. వెనక కుడి గేజీ, వెనక ఎడమ గేజీ ఒకే అంకె చూపకపోతే సరుకు నడిమధ్యన కూర్చోలేదని అర్థం. ఇది 17వ శతాబ్దపు ఫ్రెంచి మేధావి పాస్కల్ చెప్పిన సూత్రమే: మూసిన ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులా సమానం.

క్రేన్ లేకుండానే

రెండు వందల టన్నులు ఎత్తే క్రేన్ ఊరూరా దొరకదు. సరుకును ముందే ఇనుప స్టూళ్ల మీద నిలబెట్టి ఉంచుతారు. ట్రైలర్ బెడ్‌ని పూర్తిగా దించి, స్టూళ్ల మధ్య నుంచి సరుకు కిందికి పోనిచ్చి, ఆయిల్ ఎక్కిస్తారు. బెడ్ లేచి సరుకును స్టూళ్ల మీద నుంచి అందుకుంటుంది. గమ్యంలో ఇదే తిరగవేసి చేస్తారు. సిలిండర్ ఆడే ఆ 60 సెంటీమీటర్లు ఇక్కడ క్రేన్ పని చేసిపెడతాయి.

తీగల కింద

ఎత్తైన సరుకు ఊరు దాటేటప్పుడు కరెంటు తీగలు అడ్డొస్తాయి. లైన్‌మెన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, సరఫరా ఆపించి, తీగలు ఎత్తి పట్టుకుంటేనో విప్పితేనో బండి కదులుతుంది. కొద్ది తేడాలో ఆగిపోయిన చోట మాత్రం బెడ్‌ని అడుగుదాకా దించి దాటించేయొచ్చు. 30 సెంటీమీటర్లు దిగితే ఒక వీధికి రెండు గంటలు కరెంటు పోయే బాధ తప్పుతుంది.

385 టన్నుల బండి, కాగితం మీద

మన వంతెనల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి ఉంది. అందులో ఒక ప్రత్యేక వాహనాన్ని ఊహించి లెక్క వేస్తారు. 20 వరసల హైడ్రాలిక్ ట్రైలర్, వరసకు 18 టన్నులు, మొత్తం 360. ముందు పుల్లర్ 25. కలిపి 385 టన్నులు. అది వంతెన మీద గంటకు 5 కిలోమీటర్లు మించకుండా, నడిగీత నుంచి 30 సెంటీమీటర్లకు మించి జరగకుండా పోవాలి. ఆ సమయంలో వంతెన మీద ఇంకో బండి ఉండకూడదు. భారీ ట్రైలర్ వచ్చినప్పుడు పోలీసులు మనల్ని ఆపేస్తే విసుక్కుంటాం. వంతెన లెక్క మనం దాని మీద లేమనుకునే వేసింది మరి!

రోడ్డు మీద క్షేమం, నీటి మీద విషాదం

తెలుగువారికి బాగా తెలిసిన భారీ రవాణా హుస్సేన్‌సాగర్ బుద్ధుడిది. భువనగిరి దగ్గర రాయగిరిలో చెక్కిన ఆ ఏకశిలా విగ్రహం 1988లో బహుచక్రాల ట్రైలర్ మీద హైదరాబాదు చేరింది. రోడ్డంతా క్షేమంగా వచ్చింది. 1990 మార్చి 10న సాగర్‌లో మోసుకెళ్తున్న బార్జి ఒరిగి విగ్రహం మునిగిపోయింది, మనుషుల ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న విగ్రహాన్ని వెలికితీసి 1992 డిసెంబరు 1న జిబ్రాల్టర్ రాక్ మీద నిలిపారు. ఆనాడు చనిపోయినవాళ్లను తలుచుకోకుండా ఆ విగ్రహం కథ చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇంకొకటి ఈ మధ్యది. మహారాష్ట్రలోని అంబర్‌నాథ్ నుంచి తిరువనంతపురంలోని విక్రం సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి 70 టన్నుల ఏరోస్పేస్ ఆటోక్లేవ్ 74 చక్రాల బండి మీద బయలుదేరింది. 2019 జులైలో కదిలి 2020 జులైలో చేరింది. ఏడాది ప్రయాణం! కరోనా లాక్‌డౌన్‌లో మన ఆంధ్రప్రదేశ్‌లోనే నెల రోజులు నిలిచిపోయింది.

మొదట హైడ్రాలిక్ అయింది వెనక భాగమే

బరువుబళ్ల నుంచి కార్లకు వద్దాం. కారు ఎత్తును ఆయిల్‌తో మార్చే విద్యలో ప్రపంచానికి దారి చూపింది ఫ్రాన్సు వారి సిట్రోయెన్. పాల్ మాజెస్ అనే ఇంజనీరు దీని సృష్టికర్త. 1954లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన కారులో ఈ ఏర్పాటు వెనక చక్రాలకు మాత్రమే ఉండేది! ముందు చక్రాలకు పాత పద్ధతే. కారులో బరువు మారేది వెనకే కదా: వెనక సీటు జనం, డిక్కీలో సామాను. ముందు ఇంజను బరువు ఎప్పుడూ ఒకటే. మరుసటి ఏడాది 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో వచ్చిన డీఎస్ మోడల్‌లో నాలుగు చక్రాలకూ పెట్టారు. ప్రదర్శన తొలి రోజే 12,000 ఆర్డర్లు వచ్చాయి.

డీఎస్ లోపల ఒక లీవర్ ఉండేది, ఐదు ఎత్తులు. టైరు మార్చాలంటే జాకీ అక్కర్లేదు. కారును పూర్తిగా పైకి లేపి, పక్కన ఒక స్టాండు పెట్టి, లీవర్‌ని కిందికి తిప్పితే చక్రాలు తమంతట తామే ముడుచుకుని నేల వదిలేవి. 1962 ఆగస్టు 22న ఫ్రాన్సు అధ్యక్షుడు డిగాల్ మీద పెటి క్లమార్ దగ్గర కాల్పులు జరిగాయి. టైర్లు పేలిపోయినా ఆయన ఎక్కిన డీఎస్ ఆగకుండా ముందుకు సాగి ప్రాణాలు కాపాడింది.

ఎత్తు ఆయిల్‌ది, మెత్తదనం గ్యాసుది

ఈ కార్లలో ప్రతి చక్రానికీ ఒక ఇనుప గోళం ఉంటుంది. గోళం సగంలో నైట్రోజన్ గ్యాసు, సగంలో ఆయిల్, మధ్యలో రబ్బరు పొర. గుంతలో పడ్డప్పుడు నలిగేది గ్యాసు, ఆయిల్ నలగదు. కారు ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించేది ఆయిల్. కనుక గ్యాసు కాలక్రమేణా కారిపోయిన కారు సరైన ఎత్తులోనే నిలబడుతుంది, కానీ ప్రతి గతుకూ నడుముకు తగులుతుంది. ఎత్తు సరిగ్గా ఉంది కదా అని గోళాలు బాగున్నాయనుకోవడం పొరపాటు.

వెనక ఎత్తును కాపలా కాసేది ఒక చిన్న వాల్వ్. చక్రాలను కలిపే కడ్డీకి సన్నని ఊచతో దాన్ని తగిలిస్తారు. వెనక దిగితే ఊచ తిరిగి వాల్వ్ తెరుచుకుని ఆయిల్ లోపలికి వస్తుంది, లేస్తే బయటికి పోతుంది. ప్రతి చిన్న గతుక్కూ కంగారుపడి తెరుచుకోకుండా కొన్ని క్షణాల ఆలస్యం దానిలోనే పెట్టారు. లేకపోతే రోడ్డంతా కారు లేస్తూ దిగుతూ పోవాల్సి వచ్చేది.

వెనక ఎత్తు సరిచేయడం ఎలా?

ఈ గోళాల కార్లలో పద్ధతి వినడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. ముందుగా టైర్లలో గాలి సరిచూడాలి, ఎందుకంటే టైరు దిగితే కారు దిగినట్టే కనిపిస్తుంది. కారు చదును నేలలో ఉండాలి, ఇంజను నడుస్తుండాలి. వెనక భాగాన్ని చేత్తో పైకి ఎత్తి వదిలి, అది కుదురుకున్నాక కొలవాలి. తర్వాత కిందికి నొక్కి వదిలి, మళ్లీ కుదురుకున్నాక కొలవాలి. రెండు కొలతలూ ఒకటి కావు, వాల్వ్ పట్టించుకోని కాస్త ఎడం మధ్యలో ఉంటుంది. రెండింటి సగటే అసలు ఎత్తు. అది తయారీదారు చెప్పిన అంకెకు తగ్గితే కడ్డీ మీద ఉన్న క్లాంపు వదులు చేసి, కొద్దిగా తిప్పి, బిగించి, మొత్తం మళ్లీ కొలవాలి. ఒక్క కొలతతో తృప్తిపడే మెకానిక్ చేతిలో ఈ కారు ఎప్పటికీ కుదురుగా ఉండదు.

ఆయిల్ రంగు మారితే

తొలినాళ్ల సిట్రోయెన్ ద్రవం వృక్షసంబంధమైనది. ఆ రోజుల్లో బ్రేకు ద్రవాల తయారీలో ఆముదానిది పెద్ద పాత్ర. తర్వాత ఎర్రని కృత్రిమ ద్రవం, 1966 నుంచి పచ్చని ఖనిజ తైలం వచ్చాయి. ఎర్రదానికి సరిపోయే రబ్బరు సీళ్లు పచ్చదానిలో పాడవుతాయి, పచ్చదానివి ఎర్రదానిలో పాడవుతాయి. అందుకే పచ్చ ఆయిల్ వాడే భాగాలకు పచ్చ రంగు పూశారు.

మన దగ్గర దొరికే సిట్రోయెన్‌లో?

2021లో సిట్రోయెన్ మన దేశానికి వచ్చింది. నెల్లూరుకు దక్షిణాన తమిళనాడులోని తిరువళ్లూరులో కార్లు తయారవుతున్నాయి. కొన్ని మోడళ్ల ప్రకటనల్లో హైడ్రాలిక్ కుషన్లు అన్న మాట వినిపిస్తుంది. అవి షాక్ అబ్జార్బర్ చివర దెబ్బ తగలకుండా ఆపే చిన్న ఏర్పాట్లు. వాటితో వెనక లేపడం, దించడం కుదరదు. పాత గోళాల విద్య ఐరోపాలో 2017తో ముగిసిపోయింది. అంత గొప్ప ఆలోచన ఖర్చు లెక్కల్లో ఓడిపోవడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

రాజసానికీ వెనకే ముఖ్యం

1965లో రోల్స్ రాయిస్ సిల్వర్ షాడో కారుకు సిట్రోయెన్ దగ్గర అనుమతి తీసుకుని ఎత్తు సరిచేసే ఏర్పాటు పెట్టింది, ముందూ వెనకా. 1969లో ముందుది తీసేసి వెనకది ఉంచింది. అంటే పదిహేనేళ్ల తర్వాత మళ్లీ 1954 నాటి ఏర్పాటుకే వచ్చారు.

వెనక లేపి గురిపెట్టే ట్యాంకు

స్వీడన్ సైన్యం కోసం 1960ల్లో ఎస్-ట్యాంక్ అనేది తయారైంది. దానికి తిరిగే టరెట్ లేదు, ఫిరంగి బండికే బిగించి ఉండేది. గురి కిందికి పెట్టాలంటే ట్యాంకు వెనక లేపి ముందు దించేవారు, పైకి పెట్టాలంటే వెనక దించి ముందు లేపేవారు. ఫిరంగి 12 డిగ్రీలు పైకి, 10 డిగ్రీలు కిందికి ఆడేది మొత్తం సస్పెన్షన్ ఆయిల్‌తోనే. జపాన్ వారి టైప్ 74 ట్యాంకు కూడా ముందూ వెనకా వంగగలిగేది. మన చెన్నై ఆవడిలో రూపొందిన అర్జున్ ట్యాంకు కిందా కమాన్ కట్టలకు బదులు ఆయిల్, గ్యాసులే ఉన్నాయి.

రాకెట్ కొన కదలకుండా

వెనక లేపడంలో ప్రపంచ రికార్డు అనదగ్గది అమెరికాలో ఉంది. 1965 నుంచి కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో పనిచేస్తున్న క్రాలర్ బళ్లు రాకెట్‌ను నిలబెట్టే మోసుకెళ్తాయి. ప్రయోగ వేదిక దగ్గర 5 శాతం ఎక్కుడు ఉంది. మన వంతెన ఎక్కుడు కంటే ఎక్కువ. బరువుతో ఉన్నప్పుడు వేగం గంటకు మైలు. ఎక్కుతున్నంతసేపూ 16 హైడ్రాలిక్ సిలిండర్లు ముందు దించుతూ వెనక లేపుతూ ఉంటాయి. పై వేదిక ఎత్తు 6 మీటర్ల నుంచి దాదాపు 8 మీటర్ల వరకు మారగలదు. చదును తప్పేది డిగ్రీలో ఆరోవంతు లోపే. 110 మీటర్ల శాటర్న్ రాకెట్ కొన దగ్గర అది సుమారు 30 సెంటీమీటర్లు.

ముత్తుకూరుకు దక్షిణాన ఉన్న శ్రీహరికోటలో మనవాళ్లు ఈ వాలు బెడదను మొదటే తప్పించారు. రెండో ప్రయోగ వేదికకు రాకెట్ పట్టాల మీద నడుస్తుంది. 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6 ఆ వేదిక నుంచి లేచిన తొలి రాకెట్.

నాటు యంత్రం కూడా ఇదే చేస్తుంది

వరినాటు యంత్రాన్ని బురదలో గమనించారా? చేత్తో పట్టుకుని వెంట నడిచే రకానికి అడుగున ఒక తేలే పలక ఉంటుంది. చక్రాలు బురదలో లోతుగా దిగితే పలక పైకి నెట్టుకుంటుంది. వెంటనే హైడ్రాలిక్ చక్రాల చేతులను కిందికి నెట్టి యంత్రాన్ని లేపుతుంది. నేల గట్టిగా ఉన్న చోట దించుతుంది. మడి అడుగు ఎగుడుదిగుడుగా ఉన్నా నారు ఒకే లోతున పడడానికి కారణం ఇదే. పెన్నా డెల్టా మడిలో తిరిగే ఆ చిన్న యంత్రానికీ, పక్క రోడ్డు మీద పోయే 120 టైర్ల ట్రైలర్‌కీ పని ఒకటే.

ఉప్పుగాలి

సముద్రం పక్కన హైడ్రాలిక్‌కు పెద్ద శత్రువు ఉప్పు. సిలిండర్ లోంచి బయటికి వచ్చే ఊచకు అద్దంలా మెరిసే క్రోమియం పూత ఉంటుంది. ఉప్పు తేమ దాని మీద సూదిమొనంత గుంట చేసినా చాలు, ఊచ లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆ గుంట అంచు సీలును కోస్తుంది. ఆయిల్ చెమ్మ మొదలవుతుంది. బండిని నిలిపి ఉంచేటప్పుడు ఊచలు లోపలికి ఉండేలా దించి నిలపడం, బయట ఉన్నంత మేర తుడిచి ఉంచడం తీరప్రాంతంలో తప్పనిసరి. వెనక భాగం ఒకవైపు రాత్రికి రాత్రి దిగిపోతుంటే ముందు చూడాల్సింది ఆ ఊచనే.

కింద తల పెట్టొద్దు

టిప్పర్ బాడీ లేపి ఉన్నప్పుడైనా, వెనక లేపిన ట్రైలర్ అయినా, ఆయిల్ మీద మాత్రమే నిలబడ్డ బరువు కిందికి మనిషి వెళ్లకూడదు. హోస్ పైపు పగలడానికి క్షణం చాలు. ఇనుప ఊతం పెట్టాక, అది బరువు అందుకున్నాక, అప్పుడే చేయి లోపలికి పోవాలి. షెడ్లలో తొందరలో ఈ ఒక్క పని వదిలేస్తారు. టిప్పర్ యజమానులు ఊతం కడ్డీ బండితో పాటే ఉందో లేదో రోజూ చూసుకోవాలి.

పోలీసును తప్పించుకోవడానికి పుట్టిన ఫ్యాషన్

1950ల చివర కాలిఫోర్నియాలో కారు భాగాలు చక్రం రిమ్ము కంటే కిందికి వేలాడకూడదని చట్టం వచ్చింది. బాగా కిందికి దించిన కార్ల మీద మోజున్న రాన్ అగిర్రే అనే యువకుడు 1959లో తన కారుకు విమానాల పాత హైడ్రాలిక్ పంపులు బిగించాడు. పోలీసు కనిపిస్తే లేపడం, పోగానే దించడం! గెంతే కార్ల సరదా అక్కడి నుంచే పెరిగింది. మన దేశంలో ఇది కుదరదు. వాహనాన్ని తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీ కారులో ఉన్న చిన్న చక్రం

హైడ్రాలిక్ లేని మామూలు కారులో వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నింపితే వెనక దిగుతుంది, ముక్కు లేస్తుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాడి కళ్లలో పడతాయి. దీనికోసమే చాలా కార్లలో స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. 0 అంటే డ్రైవరు ఒక్కడే ఉన్నప్పుడు. అంకె పెరిగే కొద్దీ లైటు కిందికి వంగుతుంది. కారు పుస్తకంలో ఎంతమందికి ఏ అంకె అన్నది రాసి ఉంటుంది. నెల్లూరు నుంచి కుటుంబమంతా కలిసి రాత్రిపూట ముత్తుకూరు వైపు బయలుదేరితే దాన్ని 0 దగ్గర వదిలేయకండి, ఎదురుగా వచ్చేది బొగ్గు టిప్పరో మోటారుసైకిలో కావచ్చు.